లార్టన్‌లో రైలెక్కిన కారు

అమెరికాలో ఊరు మారేటప్పుడు మంచాలు, బల్లలు ఉన్నచోటే అమ్మేసి కొత్త ఊళ్లో మళ్లీ కొనుక్కోవచ్చు. వంటింటి సామాను పెట్టెల్లో పంపుకోవచ్చు. కారు సంగతి అలా కాదు. అది చేతిలో లేకపోతే దిగిన మర్నాడు పాలు తెచ్చుకోవడానికి కూడా ఇంకొకరిని అడగాలి. మా ఆయనకు ఫ్లోరిడాలోని టాంపాలో ఉద్యోగం వచ్చింది, ముందుగా వెళ్లిపోయారు. వర్జీనియాలో, యాష్‌బర్న్‌లోని ఇల్లు ఖాళీ చేయడం, రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గరున్న అమ్మను జాగ్రత్తగా తీసుకెళ్లడం, రెండు కార్లు అక్కడికి చేర్చడం నా వంతుకు వచ్చాయి.

దారి 900 మైళ్ల పైమాటే. ఐ-95 మీద మధ్యలో ఒక రాత్రి ఎక్కడో ఆగి రెండు రోజులు నడపాలి. నడపడానికి నాకు భయం లేదు గానీ, మోకాళ్లు పట్టేసే అమ్మను అన్ని గంటలు సీటులో కూర్చోబెట్టడం ఇష్టం లేదు. పైగా రెండు కార్లను ఒక్క మనిషి నడపడం ఎలాగూ కుదరదు. అందుకని చిన్న కారును ట్రైలర్ మీద పంపి, పెద్ద కారును మాతోపాటు రైలెక్కించాలని నిశ్చయించుకున్నాను. వాషింగ్టన్‌కు దక్షిణాన ఉన్న లార్టన్ నుంచి ఓర్లాండో దగ్గరి శాన్‌ఫర్డ్ దాకా ఆమ్‌ట్రాక్ సంస్థ ఆటో ట్రైన్ నడుపుతోంది. మనుషులు ముందు పెట్టెల్లో ఉంటారు, వాళ్ల కార్లు వెనక పెట్టెల్లో వస్తాయి.

రైలు టికెట్లు తేలిగ్గానే దొరికాయి. వర్జీనియా, మేరీలాండ్, న్యూజెర్సీ వైపు ఉండే పెద్దవాళ్లు చాలామంది చలికాలం ఫ్లోరిడాలో గడుపుతారు. శరదృతువు నుంచి జనవరి దాకా దక్షిణానికి, వసంతంలో ఉత్తరానికి తాకిడి ఉంటుంది. మేం బయల్దేరింది జూన్‌లో, ఆ తాకిడికి ఎదురు దిశలో. ట్రైలర్ల ధరలు కూడా ఈ రాకపోకల్ని బట్టే పెరిగి తగ్గుతుంటాయి.

ట్రైలర్ కుదర్చడానికే ఎక్కువ శ్రమ పడాల్సి వచ్చింది. మనకు ఫోన్ చేసి ధర చెప్పేవాళ్లలో ఎక్కువమందికి లారీలు ఉండవు, వాళ్లు బ్రోకర్లు. మన కారు వివరాలను, తాము ఇవ్వదలచిన కిరాయిని లారీల వాళ్లందరూ చూసే పట్టికలో పెడతారు. ఆ దారిన వెళ్లే ట్రైలర్‌లో చోటుండి, కిరాయి గిట్టుబాటైతే ఎవరో ఒకరు తీసుకుంటారు. అందుకే అందరికంటే తక్కువ ధర చెప్పిన బ్రోకరును చూసి సంతోషించకూడదు. ఆ కిరాయికి ఏ డ్రైవరూ రాక కారు మన వాకిట్లోనే ఉండిపోతుంది. ఇల్లు ఖాళీ చేసే తేదీ నెత్తిమీదికి వచ్చాక "ఇంకో రెండు వందల డాలర్లు కలిపితే పని అవుతుంది" అని ఫోన్ వస్తుంది. నేను మధ్యస్థంగా చెప్పిన ఒకావిడను ఎంచుకున్నాను. లారీ కుదిరేదాకా డబ్బు తీసుకోనని, కుదిరాక ఆ లారీ కంపెనీ పేరు, నంబరు ముందే చెబుతానని ఆవిడ ఒప్పుకుంది.

ఆ నంబరు ఎంతో ముఖ్యం. రాష్ట్రాలు దాటి సరుకు మోసే ప్రతి కంపెనీకీ కేంద్ర రవాణా శాఖ ఇచ్చే డాట్ నంబరు ఉంటుంది. దాన్ని ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ వారి రికార్డుల్లో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. అనుమతి చెల్లుతోందా, బీమా ఉందా, తనిఖీల్లో ఏం తేలింది, అన్నీ అందులో కనిపిస్తాయి. బ్రోకర్లయితే 75,000 డాలర్ల పూచీ చూపించాలి. ఇంకో సంగతి చాలామంది గమనించరు. లారీ ఎవరినైనా గుద్దితే పరిహారమిచ్చే బీమా వేరు, లారీ మీదున్న మన కారుకు దెబ్బ తగిలితే ఇచ్చే సరుకు బీమా వేరు. రెండోదాని సర్టిఫికెట్ అడిగి తెప్పించుకున్నాను. కారును పరాయివాళ్లకు అప్పగించేటప్పుడు అడగాల్సినవి రెండే ప్రశ్నలని నా నమ్మకం. ఈ క్షణంలో ఇది ఎవరి చేతిలో ఉంది? ఆ సంగతి ఏ కాగితం మీద ఉంది? ఈ రెండింటికీ జవాబు దొరికితే మిగతావన్నీ ఓపికతో అయ్యే పనులే.

కారును సిద్ధం చేయడం ఒక పూట పని. ముందు శుభ్రంగా కడిగించాను. దుమ్ము కింద గీతలు కనిపించవు. తర్వాత ఎండలో నిలబెట్టి నాలుగు వైపులా, పైకప్పు, చక్రాలు, అద్దాలు, మైలేజీ అంకెతో సహా ఫోటోలు తీశాను. పెట్రోలు పావు ట్యాంకుకు మించకుండా చూశాను. అద్దానికున్న ఈజీ-పాస్ తీసేశాను. అది అక్కడే ఉంటే ట్రైలర్ టోల్ గేటు దాటినప్పుడల్లా మన ఖాతాలోంచి డబ్బు పోవచ్చు. కారులో ఖాళీ ఉంది కదా అని వంటపాత్రలు సర్దబోయిన అమ్మను ఆపాను. ట్రైలర్, దాని మీది కార్లు కలిపి 80,000 పౌండ్లు దాటకూడదని చట్టం. తూకం కేంద్రంలో బరువు ఎక్కువ తేలితే జరిమానా డ్రైవరు నెత్తిన పడుతుంది. పైగా లోపల పెట్టిన సామానుకు సాధారణంగా బీమా వర్తించదు.

"స్కూటరు పంపినట్టేనన్నమాట" అంది అమ్మ. నాన్నగారికి హైదరాబాదు బదిలీ అయినప్పుడు రాజమండ్రి స్టేషన్ పార్శిల్ ఆఫీసులో బజాజ్ చేతక్‌ను బుక్ చేసిన రోజు ఆవిడకు బాగా గుర్తు. పెట్రోలంతా పిండేశారు, గడ్డి పెట్టి గోనెసంచులు చుట్టి పురికొసతో కుట్టారు, అట్టముక్క మీద ఊరి పేరు రాసి కట్టారు. "మీ నాన్న రసీదు చొక్కా జేబులో పెట్టుకుని, దారంతా తడిమి చూసుకుంటూనే ఉన్నారే" అంది.

ట్రైలర్ నడిపేవాళ్లు ఇళ్ల సందుల్లోకి రారు. దాదాపు 75 అడుగుల పొడవున్న బండి అక్కడ తిరగదు. దగ్గర్లోని పెద్ద దుకాణం పార్కింగ్‌కు రమ్మన్నారు. డ్రైవరు జలంధర్ దగ్గరి పల్లెటూరివాడు. అమెరికా లారీల రంగంలో పంజాబీలు చాలామంది ఉన్నారు. నన్ను చూడగానే హిందీలో "నమస్తే బహెన్‌జీ" అని, అమ్మకు వంగి దండం పెట్టాడు. చేతిలోని ఫారం మీద కారు బొమ్మ ఉంది. మా కారు చుట్టూ తిరుగుతూ, ఉన్న ప్రతి గీతనూ, సొట్టనూ ఆ బొమ్మ మీద గుర్తు పెట్టాడు. ఈ ఫారాన్ని బిల్ ఆఫ్ లేడింగ్ అంటారు. కారు అతని చేతికి వెళ్లిందనడానికి సాక్ష్యం ఇదే. వెనక బంపరు మీద గింజంత మచ్చను అతనే చూపించి రాసుకున్నాడు. అతని మీద నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

ఎప్పటికి చేరుతుందని అడిగితే ఖచ్చితమైన గంట చెప్పలేదు, రెండు రోజుల వ్యవధి చెప్పాడు. రోజుకు 11 గంటలకు మించి నడపకూడదని నిబంధన. లారీలోని ఎలక్ట్రానిక్ పరికరం ప్రతి నిమిషాన్నీ నమోదు చేస్తుంది. దారిలో రెండు చోట్ల కార్లు దించాలి, ఒకచోట ఎక్కించుకోవాలి. తొందరపెట్టడం వల్ల ఎవరికీ మేలు లేదు. అమ్మ తెచ్చిన జంతికల పొట్లం అతనికిచ్చి వచ్చేశాం.

మా రైలు మర్నాడు. బండి సాయంత్రం 5 గంటలకు బయల్దేరినా కారును మధ్యాహ్నం 3 గంటలలోపే అప్పగించాలి. లార్టన్‌లో ఒక పందిరి కింద కార్లు వరుస కడతాయి. కెమెరాలు నాలుగు వైపులా కారును చిత్రిస్తాయి, సిబ్బంది అయస్కాంతపు అంకెల బిళ్లను తలుపుకు అతికిస్తారు. ఆ అంకె మన చీటీ మీదా ఉంటుంది. అలారం మోగకుండా చేసి, తాళం వాళ్లకిచ్చి, రాత్రికి కావలసిన సంచి తీసుకుని దిగిపోవాలి. మందులు, కళ్లజోడు, కప్పుకునే శాలువా అన్నీ ఆ సంచిలోనే ఉండాలి. మళ్లీ శాన్‌ఫర్డ్ దాకా కారు మొహం చూడం. పెట్రోలు డబ్బాలు, గ్యాస్ సిలిండర్ల వంటివి కారులో ఉండకూడదు.

స్టేషన్ నుంచి చూస్తే కార్లు ఎక్కించే పని ముచ్చటగా కనిపిస్తుంది. కిటికీలు లేని ఎత్తైన రెండంతస్తుల పెట్టెలు, వాటి కొసన ర్యాంపు. సిబ్బంది ఒక్కొక్క కారునూ నడుపుకుంటూ పెట్టెలోంచి పెట్టెలోకి తీసుకెళ్లి చక్రాలకు అడ్డాలు బిగిస్తారు. నిండుగా ఉన్న రోజు 300 పైచిలుకు వాహనాలు ఎక్కుతాయట. అన్ని పెట్టెలూ కలిపాక బండి ముప్పావు మైలు పొడవు. ఈ ఆలోచనను వ్యాపారంగా మలిచినవాడు యూజీన్ గార్‌ఫీల్డ్. ఆయన ప్రైవేటు కంపెనీ మొదటి బండి 1971 డిసెంబరు 6న నడిచింది. ప్రమాదాలు, అప్పులు మీదపడి 1981లో ఆగిపోయింది. 1983లో ఆమ్‌ట్రాక్ మళ్లీ మొదలుపెట్టింది. ఇక్కడ బ్రోకరు లేడు. కారు దించుకునేదాకా ఒకే సంస్థ చేతిలో ఉంటుంది. ఆ ఒక్క కారణానికే ఈ బండి మీద నాకు ఎంతో గౌరవం.

అమ్మ కోసం కింది అంతస్తులో ఇద్దరు పట్టే గది తీసుకున్నాను. ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి దారి పై అంతస్తులోనే ఉంటుంది. భోజనాల పెట్టెకు వెళ్లాలంటే ఇరుకైన మెట్లెక్కాలి. మా పెట్టె సహాయకుడు ఆ బాధ లేకుండా భోజనం గదికే తెచ్చిచ్చాడు. అమ్మ రొట్టె, కూరగాయల ముక్కలు మాత్రం తీసుకుని, డబ్బాలోంచి పులిహోర, మాగాయ బయటికి తీసింది. కాసేపటికి కిటికీలో పొటోమాక్ నది పక్కనే నడిచింది. ఫ్రెడరిక్స్‌బర్గ్ దాటాక ఆష్‌లాండ్ అనే చిన్న ఊళ్లో పట్టాలు ప్రధాన వీధికి నట్టనడుమ ఉంటాయి. రెండు పక్కలా పాత ఇళ్ల వరండాలు, కుర్చీల్లో కూర్చున్నవాళ్లు. వాళ్లు చేతులూపితే అమ్మ కూడా ఊపింది. జూన్ వెలుతురు రిచ్‌మండ్ దాటేదాకా ఉంది.

రాత్రి సీట్లు కలిపితే కింద పక్క అయింది, పైనుంచి ఇంకోటి దిగింది. సౌత్ కరోలినాలోని ఫ్లారెన్స్‌లో బండి ఆగింది. అది ప్రయాణికుల కోసం కాదు, సిబ్బంది మారడానికీ ఇంజన్ అవసరాలకూ. దారిలో అదొక్కటే ఆగే చోటు.

తెల్లారేసరికి జాక్సన్‌విల్ ప్రాంతం, ఎర్రమట్టి పోయి ఇసుక నేల, పామెట్టో పొదలు. శాన్‌ఫర్డ్‌కు ముందు సెయింట్ జాన్స్ నది దాటాం. ఈ నది దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుందని చెబితే అమ్మ నమ్మలేక రెండుసార్లు అడిగింది. శాన్‌ఫర్డ్ చేరేసరికి 855 మైళ్లు అయ్యాయి.

దిగాక అందరూ పందిరి కింద కూర్చుని తమ అంకె కోసం ఎదురుచూస్తారు. ముందు ఎక్కించిన కారు ముందు రావాలని లేదు. అదనపు రుసుము కట్టినవాళ్లకు మాత్రమే ముందుగా ఇస్తారు. మాకు ముప్పావు గంట పట్టింది. అంకె వినిపించగానే అమ్మే ముందు లేచింది. నేను పాత ఫోటోలతో పోల్చుకుంటూ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, అక్కడే బిళ్ల తీసి ఇచ్చేశాను. ఐ-4 మీద టాంపాకు రెండు గంటలు.

చిన్న కారు చెప్పిన వ్యవధిలోనే వచ్చింది. డ్రైవరు సందు చివర ఆగి ఫోన్ చేశాడు. మా ఆయన కూడా వచ్చారు. దారి పొడవునా తగిలిన పురుగులు అద్దం మీద అట్టకట్టి ఉన్నాయి. నీళ్లు తీసుకెళ్లి తుడిచి, అప్పుడు చూశాం. అతను ఏమీ అనకుండా నిలబడ్డాడు. సంతకం పెట్టకముందు చూడడం కారు యజమాని హక్కు. దెబ్బ ఏదైనా ఉంటే ఆ కాగితం మీదే రాయించాలి. రాయకుండా సంతకం చేసి తర్వాత అడిగితే రుజువు చేయడం చాలా కష్టం. కొత్త గీత ఒక్కటీ లేదు. మిగతా కిరాయి ఇచ్చాం. అమ్మ భోజనం చేసి వెళ్లమంది. మయామీలో ఇంకో కారు దించాలని, ఈసారి తప్పకుండా తింటానని చెప్పి వెళ్లాడు.

ఆ తర్వాత కాగితాల వరస ఉంది, అది తారుమారు కాకూడదు. ఫ్లోరిడాలో ఉద్యోగంలో చేరిన 10 రోజుల్లో వాహనాన్ని అక్కడ నమోదు చేయించాలి. ఆ పని కౌంటీ ట్యాక్స్ కలెక్టర్ ఆఫీసులో జరుగుతుంది. కారు మీది గుర్తింపు సంఖ్యను (విన్ నంబరును) కళ్లతో చూసి ధ్రువీకరించాలి కాబట్టి కార్లు తీసుకునే వెళ్లాం. ముందు ఫ్లోరిడా బీమా, తర్వాత కొత్త ప్లేటు, ఆ తర్వాతే వర్జీనియా ప్లేట్లు అక్కడి వాహనాల శాఖ డీఎంవీకి తిప్పి పంపడం, అన్నిటికంటే చివర పాత బీమా రద్దు. యాష్‌బర్న్ ఉన్న లౌడన్ కౌంటీకి కూడా కార్లు వెళ్లిపోయిన తేదీ రాసి పంపాలి, లేకపోతే అక్కడి కారు పన్ను బిల్లు వస్తూనే ఉంటుంది. ఆ ఉత్తరం పోస్టులో వేసి, తపాలా రసీదును బిల్ ఆఫ్ లేడింగ్‌తోనూ రైలు చీటీతోనూ కలిపి ఒకే కవరులో పెట్టాను.