నాలుగో ప్యానెల్ ఎందుకు కొనలేదంటే

ఇంగ్లండ్‌లో ఇంటి అద్దెలు కట్టలేక కాలువ పడవల్లోకి మారిన వాళ్లలో మేమూ ఉన్నాం. మా న్యారోబోటు పొడవు 57 అడుగులు, వెడల్పు ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ. గ్రాండ్ యూనియన్ కాలువ మీద తిరుగుతుంటాం. పడవ కట్టేసుకునే సొంత చోటు (మూరింగు) లేదు కాబట్టి మామూలుగా ఎక్కడా 14 రోజులకు మించి ఆగకూడదు. కరెంటు మీటరూ లేదు, బిల్లూ లేదు. రాజమండ్రిలో ఉన్న మా తమ్ముడు "నీకేం అన్నయ్యా, ఫ్రీ కరెంటు" అంటాడు. ఆ బిల్లు నేను డీజిల్ బంకులో కట్టేవాణ్ణని వాడికి తెలియదు.

ఒడ్డున కట్టేసిన పడవలో బ్యాటరీలు ఎక్కాలంటే ఇంజను వెయ్యాలి. రోజుకు రెండు గంటలు, గంటకు సుమారు లీటరుంబావు. లీటరుకు ఒక పౌండు పది పెన్నీలు వేసుకున్నా నెలకు 80 పౌండ్లు దాటుతుంది. పైగా రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఇంజను వెయ్యకూడదని నిబంధన. అంటే ఆ చప్పుడంతా ఆఫీసు కాల్స్ మధ్యలోనే! అందుకే సోలార్‌ ఖర్చును నేను ఇంజను గంటలతోనే తూచాను.

ఫిట్టరు 430 వాట్ల ప్యానెళ్లు నాలుగు వేద్దామన్నాడు. కప్పు ఖాళీగానే ఉంది కదా అన్నాడు. శీతాకాలంలో బొగ్గు బస్తాలు ఎక్కడ పెట్టుకుంటామో ఆయనకు పట్టలేదు.

డిసెంబరులో ఇక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు 15 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. రాజమండ్రిలో అదే సమయానికి దాదాపు 50. మబ్బులు సరేసరి. ఆ నెలలో ఒక్కో ప్యానెల్ రోజుకు పావు యూనిట్ కూడా ఇవ్వదు. నాలుగోది మిగిల్చేది రోజుకు పావుగంట ఇంజను. చలికాలం నాలుగు నెలలకూ కలిపి నలభై పౌండ్ల డీజిల్ అనుకోండి. దాని కోసం ప్యానెల్, బ్రాకెట్లు, రెండో ఛార్జ్ కంట్రోలర్, కూలీ కలిపి 550 పౌండ్లు. జూన్‌లోనేమో మూడు ప్యానెళ్లే మా వాడకానికి మూడు రెట్లు ఇస్తాయి. మిగిలింది ఎవరికి అమ్మాలి?

మా తమ్ముడు మేడ మీద పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లు వేయించి 78,000 రూపాయల సబ్సిడీ తీసుకున్నాడు. మిగులు కరెంటు నెట్ మీటరింగులో గ్రిడ్‌కు పోతుంది. వాడికి అదనపు ప్యానెల్ లాభమే. గ్రిడ్ లేని పడవలో అది అలంకారం. ఇక్కడ ఇళ్ల సోలార్‌కు 2027 మార్చి దాకా వ్యాట్ సున్నా. తనంతట తాను కదిలే పడవకు ఆ రాయితీ వర్తించదు. 20 శాతం కట్టాం.

మిగిల్చిన డబ్బు కంటికి కనపడని వాటి మీద పెట్టాను. 12 వోల్టుల్లో రెండు వేల వాట్ల ఇన్వర్టరు 170 ఆంపియర్లకు పైగా లాగుతుంది. సన్న వైరు వేస్తే అది పొయ్యి ఊచలా కాలుతుంది. చుట్టూ చెక్క పలకలు, బయటపడటానికి ముందొక తలుపు, వెనకొక తలుపు. అందుకని లావు రాగి కేబుల్, బ్యాటరీ పాజిటివ్ పక్కనే ఫ్యూజు. లిథియం బ్యాటరీ షార్టయితే వేల ఆంపియర్లు దూకుతాయి. చవక ఫ్యూజు కరిగినా లోపల నిప్పురవ్వ మీదుగా కరెంటు పారుతూనే ఉంటుంది. దాన్ని తెంచేసే క్లాస్ టీ ఫ్యూజు ఖరీదెక్కువే, అయినా బేరమాడలేదు. వెలుతురున్నంతసేపూ ప్యానెల్ వైర్లలో కరెంటు ఉంటుంది గనక, కంట్రోలరుకు ముందు ఐసొలేటరు స్విచ్ పెట్టించాను.

200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 600 పౌండ్లు. సగమే వాడుకోదగ్గ లెడ్ యాసిడ్‌తో పోలిస్తే గిట్టుబాటే. కాకపోతే సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చెయ్యకూడదు. అందుకే చల్లటి ఇంజను గదిలో కాకుండా మంచం కింద బిగించాం. ఆల్టర్నేటరు మాడిపోకుండా మధ్యలో డీసీ టు డీసీ ఛార్జరు. ఎలక్ట్రిక్ కెటిల్ మానేసి టీ గ్యాస్ పొయ్యి మీదికి మార్చాం. ఖర్చు లేని పొదుపు అదొక్కటే.

మొత్తం 2,600 పౌండ్లయింది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఛార్జింగ్ కోసం ఇంజను వెయ్యట్లేదు. చలికాలం వేస్తూనే ఉన్నాం, కాస్త తక్కువ. ఏడాదికి 640 పౌండ్లు మిగులుతున్నాయి; సుమారు నాలుగేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. బీమా కంపెనీకి వివరాలు రాసి పంపాం. నాలుగేళ్లకోసారి జరిగే బోట్ సేఫ్టీ పరీక్షకు చూపించేలా వైరింగు బొమ్మ దాచుకున్నాం.

పడవకు సోలార్ వేయించుకోవాలనుకునే మన వాళ్లకు నేను చెప్పేది ఒకటే: కొటేషన్‌లో ఫ్యూజు రేటింగూ, వైరు మందమూ, డిసెంబరు నెల రాబడీ రాసివ్వని వాడికి అడ్వాన్సు ఇవ్వకండి.