ఈనెలు ఎట్ల వచ్చినయ్?

మా అమ్మ మోదుగాకులతో విస్తర్లు కుట్టేది. ఆకును వెనక్కి తిప్పి, ఈనె మీద వేలు నడిపి, పుల్ల ఎక్కడ గుచ్చాలో చూసుకునేది. నా పీహెచ్‌డీ ఆ ఈనెల మీదేనని చెప్తే నవ్వింది. "గవి చూడనీకి గంత సదువెందుకు బిడ్డా?"

నా మొక్క అరబిడాప్సిస్, ఆవాలకు చుట్టం. బాగా లేత ఆకులో ఈనెలు ఉండవు, లోపలి కణాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. వాటి గుండా ఆక్సిన్ అనే హార్మోను పారుతుంది. ఎక్కువ ఆక్సిన్ పారిన కణం, దాన్ని బయటికి పంపే పిన్1 అనే ప్రోటీన్‌ను ఇంకా ఎక్కువ తయారు చేసుకుంటుంది. పక్క కణాలకు ఆక్సిన్ తగ్గిపోతుంది. చివరికి ఒక సన్నటి వరుస మిగులుతుంది, గడ్డిలో నడవగా నడవగా బాట పడ్డట్టు. ఈ ఊహకు పునాది త్స్వీ సాక్స్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు బఠానీ మొలకల మీద చేసిన ప్రయోగాలు. 1969లో అచ్చయ్యాయి. కోసిన కాండం పక్కన ఆక్సిన్ పెడితే అక్కడి నుంచి కొత్త నాళాలు పుట్టాయి.

ఆ వరుస కణాల్లో మోనోప్టెరోస్ అనే ప్రోటీన్, ఏటీహెచ్‌బీ8 అనే జన్యువును మేల్కొలుపుతుంది. ఈనె ఇంకా కంటికి కనిపించకముందే! ఆ జన్యువుకు మెరిసే ప్రోటీన్ తగిలిస్తే రేపటి ఈనె ఇవాళే ఆకుపచ్చ గీతలా కనిపిస్తుంది. దాన్ని మొదటిసారి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ జన్యువు లేకపోతే ఈనెలు చెదిరిపోవాలి కదా అనుకున్నాను. పెద్ద తేడా ఉండదని పాత పేపర్లలో రాసే ఉంది. సరిగ్గా కొలిస్తే దొరుకుతుందని మొండికేశాను. జన్యువు పాడైన మొక్కలు పెంచి, ఆకుల్ని ఆల్కహాల్‌లో నానబెట్టి, పచ్చదనం పోయాక ఈనెలు లెక్కపెట్టాను. రెండేళ్లు. అన్నీ దాదాపు మామూలుగానే ఉన్నాయి.

ఇంటికెళ్లి, చదువు మానేస్తానని చెప్పాను. కారణం అడిగితే ఇదంతా వివరించాను. అమ్మ కాసేపు ఆలోచించి, "మరి ఈనెలు ఎట్ల వచ్చినయ్?" అంది.

రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా అలా అడగలేదు. ఏం పోయిందనే వెతికాను. ఆ జన్యువు ఒంటరిది కాదు, అదే కుటుంబంలో ఇంకో నాలుగున్నాయి. ఒకటి పోతే మిగతావి ఎంత పని అందుకుంటాయి? అప్పుడు ఆక్సిన్ దారి ఎలా ఉంటుంది?

తిరిగొచ్చాక థీసిస్‌లో ఆ అధ్యాయం తీసేయలేదు. పేరు మార్చాను. అమ్మ ప్రశ్నే, కాస్త పెద్ద మాటల్లో.