పురుగు గోత్రం

మేము మేళ్లచెరువు చుట్టుపక్కల తండాల్లో పుట్టి పెరిగినవాళ్లం. వానలు పడి వాంతులు, విరేచనాలు మొదలైతే ఊళ్లో మాకు వినిపించే మాట ఒకటే: "తండా గొడ్లు నీళ్లు పాడుచేసినయి." నీళ్లను పరీక్షకు పంపేవాళ్లు ఉండరు. నింద మాత్రం మా మీద పడుతుంది.

నారి కురుపు సంగతి మన పెద్దలకు ఎరుకే. దిగుడు బావిలో పుండు కాలు పెడితే పురుగు పిల్లలు నీళ్లలో కలిసేవి. వాటిని సైక్లాప్స్ అనే చిన్న నీటిపురుగులు మింగేవి. ఆ నీళ్లు తాగినవాళ్లకు ఏడాది తిరిగేసరికి కాలిలోంచి పొడుగాటి పురుగు బయటికొచ్చేది. కంటికి కనిపించింది కాబట్టి దాని దారి దొరికింది. నీళ్లు వడగట్టడం నేర్పారు, దిగుడు బావులను చేదబావులుగా మార్చారు. 1996 తర్వాత మన దేశంలో ఆ రోగం లేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటే ధ్రువీకరించింది.

మరి కంటికి కనిపించనివాటి సంగతేంటి? 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో కుళాయి నీళ్లు తాగి సుమారు 4,03,000 మంది జబ్బు పడ్డారు. కారణం క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి. అది క్లోరిన్‌కు లొంగదు, నీళ్లు మరగబెడితే చస్తుంది. అక్కడా అనుమానం ముందు పశువుల మీదికే పోయింది. తర్వాత రోగుల నుంచి తీసి దాచిన కొన్ని నమూనాల్లో జన్యువులు చూస్తే, అది మనుషుల్లో తిరిగే రకమని తేలింది.

మనం సంబంధం కలుపుకునే ముందు గోత్రం అడుగుతాం. ఇదీ అలాంటిదే. సూక్ష్మదర్శినిలో ఒకేలా కనిపించే వాటికి జన్యువుల్లో తేడా ఉంటుంది. రోగిలో దొరికిన రకాన్ని, నీళ్లలో దొరికినదాన్ని, పేడలో దొరికినదాన్ని పోల్చి చూస్తారు. అయితే పైపు ఎక్కడ పగిలిందో, ఎవరు ఏ రోజు ఏ నీళ్లు తాగారో జన్యువు చెప్పదు. అది ఇల్లిల్లూ తిరిగి అడగాల్సిందే.

మా గొడ్ల వల్ల ఎన్నడూ రోగం రాదని మేము అనం. లేగదూడల్లో ఉండే రకం మనుషులకూ సోకుతుంది. పరీక్ష చేసి చెప్పమంటున్నాం, అంతే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, జీవశాస్త్రం చదవండి. సార్లూ, టీచరమ్మలూ, బడిలో ఒక నోటుబుక్కు పెట్టించండి. ఏ పిల్లకు ఏ తారీకున విరేచనాలు పట్టుకున్నాయో, ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నారో రాయించండి. రేపు పరీక్ష చేసేవాళ్లు వచ్చినప్పుడు ఆ పుస్తకమే దారి చూపిస్తుంది. నింద వేసేవాళ్లకు జవాబూ అందులోనే దొరుకుతుంది.