ముడిలో దాగిన తెలుపు

దిష్టి తీసే ఎర్రనీళ్ళు మీరంతా చూసే వుంటారు. పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపు వేస్తే నీళ్ళు పచ్చగా వుంటాయి. అందులో వేలికొసతో ఇంత సున్నం కలిపితే చాలు, రక్తంలా ఎర్రబడతాయి. ఎందుకలా అవుతుందో పదేళ్ళ వయసులో నేను ఆలోచించి వుంటే నా తెల్ల టీషర్టు పాడయ్యేది కాదు. అది పాడు కాకపోతే మా అమ్మకు ఎటువంటి విద్య వచ్చునో నాకు తెలిసేదీ కాదు.

మాది అమ్రాబాదు. నల్లమల అడవిలో, కొండల మీద వున్న ఊరు. అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా. 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా అయింది. మా నాయన ఏటా దసరా కాగానే కాలవలు తవ్వే పనికి దూరదేశం పోయేవాడు. ఎక్కడ ఆనకట్ట కడుతున్నా అక్కడ పాలమూరు కూలీలు వుంటారని ఆ రోజుల్లో చెప్పుకునేవారు. ఒక సంక్రాంతికి నాయన రెండు రోజులు ఇంటికి వచ్చి, నాకు తెల్లటి నూలు టీషర్టు తెచ్చాడు. మా వీధిలో అటువంటిది ఇంకెవరికీ లేదు. ఉగాదికి మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

శివరాత్రికి శ్రీశైలం పోయే బస్సులు మన్ననూరు మీదుగా పోతాయి. అక్కడ ఆగిన ఒక బస్సు కిటికీలో నా యీడు కుర్రవాడు కూర్చుని వున్నాడు. వాడి చొక్కా పొట్ట మీద ఒక సూర్యుడు, ఆ సూర్యుడి చుట్టూ వలయాలు—చెరువులో రాయి వేస్తే వస్తాయే, అలాగ! "అదెట్లా చేస్తారు?" అని మా పంతులుగారిని అడిగాను. "గుడ్డను దారంతో ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి వున్నచోట రంగు అంటదు," అన్నారాయన.

ఇంకేం కావాలి! కాముని పున్నమికి ముందురోజు అమ్మ చేనికి పోయిన సమయం చూసి, పతంగి దారంతో టీషర్టును ముడులు కట్టాను. ఇంట్లో దొరికే రంగు పసుపు ఒక్కటే. డబ్బాలోని పసుపంతా నీళ్ళలో మరిగించి ముంచాను. విప్పి చూద్దును గదా, పచ్చటి పచ్చ! నడుమ తెల్లని వలయాలు కొంచెం మసకగా వున్నాయిగాని, నాకు మాత్రం ఏనుగెక్కినట్టే వుంది. పున్నమినాడు దాన్ని తొడుక్కుని ఊరంతా తిరిగాను.

మర్నాడు అమ్మ దాన్ని నానబెట్టి సబ్బు రుద్దింది. రుద్దినచోటల్లా ఎర్రబడిపోయింది! నేను బావురుమన్నాను. అమ్మ తొణకలేదు. "పసుపాయె, సబ్బాయె. ఎర్రగ గాకేమైతది?" అన్నది. మంచినీళ్ళలో జాడిస్తే ఎరుపు పోయి మళ్ళీ పచ్చనయింది. కాని ఎండలో ఆరేసరికి పచ్చదనం కూడా ఒకచోట వుంది, ఒకచోట లేదు. చొక్కా కాస్తా గజ్జి కుక్కలాగ తయారయింది.

దీని కారణం మీ ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పసుపులోని రంగు పదార్థం పేరు కుర్కుమిన్. సున్నం, సబ్బు, చాకలి సోడా వంటి క్షారాలు తగిలితే అది ఎర్రబడుతుంది. నిమ్మరసం వంటి ఆమ్లం తగిలితే తిరిగి పచ్చబడుతుంది. ఒక కాగితం ముక్కకు పసుపునీళ్ళు పూసి ఆరబెట్టి, ఒకవైపు సబ్బునీటి చుక్క, ఇంకొకవైపు నిమ్మరసం చుక్క వేసి చూడండి. పైగా కుర్కుమిన్‌కు ఎండ పడదు. ఎండకు దాని రంగు విరిగిపోతుంది.

ఉగాదికి పదిహేను రోజులుంది. నాయన వచ్చి, "చొక్కా ఏదిరా?" అంటే ఏం చెప్పను? అమ్మ తిడుతుందని ఎదురు చూశాను. అమ్మ తిట్టలేదు. నేను కట్టిన వలయం ఒకటి వేళ్ళతో సాగదీసి, చాలాసేపు చూసింది.

"కట్టు వదులైంది. అందుకే లోపలికి రంగు వాకింది," అన్నది. "రంగెయ్యటం ఎంతసేపు బిడ్డా? అంటకుండ కట్టుడే పని."

మా అమ్మ పుట్టిల్లు నల్గొండ జిల్లాలో, పోచంపల్లి దగ్గర ఒక పల్లె. (ఆ పక్క ఊళ్ళు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో వున్నాయి.) మగ్గం నేసే ఇల్లు. ఆ సంగతి నాకు తెలుసు. అమ్మ కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదనీ తెలుసు. తీగ మీద బట్టలు ఆరెయ్యడం మా ఇంట్లో ఎప్పుడూ నా పనే. ఈ రెండు సంగతులకూ సంబంధం వున్నదని మాత్రం ఆ పదిహేను రోజుల్లోనే తెలిసింది.

పోచంపల్లి చీర మీద పువ్వు అంచుల దగ్గర కాస్త చెదిరినట్టు, నీళ్ళలో నీడలాగ వుంటుంది, గమనించారా? అది అచ్చువేసిన పువ్వు కాదు. చేత్తో కుట్టిన పువ్వూ కాదు. నేను గుడ్డకు ముడులు కట్టాను. పోచంపల్లివాళ్ళు గుడ్డ పుట్టకముందే దారాలకు కడతారు! ఏ దారం మీద ఏ చోట ఎరుపు కావాలో, ఏ చోట తెలుపు మిగలాలో లెక్క చూసుకుని, మిగలవలసినచోట బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, తిరిగి ఇంకొకచోట కట్టి ఇంకొక రంగులో ముంచుతారు. ఆ తరవాత నేస్తే, దారం మీది మచ్చలన్నీ వచ్చి ఒకదాని పక్కన ఒకటి కూర్చుని పువ్వవుతాయి. అక్కడివాళ్ళు ఈ పనిని చిటికి అంటారు. బయటి ప్రపంచం ఇకత్ అంటుంది. అది మలయా, ఇండోనేషియా వాళ్ళ మాట. దానికి అర్థం కట్టడం అనే. గుజరాత్, రాజస్థాన్‌లలో నాలాగే నేసిన గుడ్డకు ముడులు కట్టే పనిని బాంధని అంటారు. అందులోనూ వున్నది బంధమే. చూశారా, ఎవ్వరూ దీనికి రంగును బట్టి పేరు పెట్టలేదు!

కట్టడానికి ముందు దారాన్ని వరసలుగా పరచాలి. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలాగ ఎన్నో మేకులు. దారం పట్టుకున్న చెయ్యి ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరుగుతూనే వుండాలి. దీనిని ఆసు పొయ్యడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు తిరగాలని లెక్క. ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళదే. మా అమ్మ ఎనిమిదేళ్ళ వయసునుంచి పెళ్ళయ్యేదాకా ఆసు పోసింది. భుజం అక్కడే అరిగిపోయింది.

అయితే ఆ చెయ్యి పైకి లేవకపోయినా, వేళ్ళు మాత్రం ఏమీ మరిచిపోలేదు. ముందుగా చొక్కాను నాలుగు రోజులు ఎండలో పడేయించింది. పసుపును చెడగొట్టిన ఎండ చేతనే, మిగిలిన పసుపును కూడా తీయించిందన్నమాట! అదే రోజు ఒక పాత కుండలో బెల్లం నీళ్ళు పోసి, తుప్పు పట్టిన ఎద్దునాడాలు వేసి మూత పెట్టింది. ఎందుకమ్మా అంటే చెప్పలేదు.

అవి మోదుగలు పూచే రోజులు. ఆకంతా రాలి, కొమ్మల నిండా నిప్పులు పోసినట్టు వుంటుంది చెట్టు. పువ్వు చిలుకముక్కులాగ వంకర తిరిగి వుంటుంది, అందుకే సంస్కృతంలో దానికి కింశుకమని పేరు, అనగా "ఇది చిలుకా ఏమిటి?" అని. మోదుగాకుతో విస్తళ్ళు కుడతారు, పువ్వులతో హోళీ రంగు చేస్తారు. చేలగట్ల మీద రాలిన పూలు నేను ఒక చాటెడు ఏరి తెచ్చాను. (అడవిలోకి పోయి కొమ్మలు విరవకండి. ఇప్పుడు మా అడవి పులుల రక్షిత ప్రాంతం కూడాను.)

అమ్మ కరక్కాయ పొడి నీళ్ళలో చొక్కాను ఒక రాత్రంతా నానవేసి ఆరబెట్టింది. అది లేత గోధుమవన్నెకు తిరిగింది. "తెలుపు పాయె గదా!" అన్నాను. "పోతే పోయింది. రంగు నిలవాలంటే దానికి ఏదో ఒకటి పట్టుకోను వుండాలె," అన్నది. నూలుకు మోదుగరంగు తనంతట తాను గట్టిగా అంటుకోదు. కరక్కాయలోని వగరు నూలును పట్టుకుంటుంది, పటిక ఆ వగరును పట్టుకుంటుంది, పటికను రంగు పట్టుకుంటుంది. చేతులు పట్టుకుని గొలుసుకట్టినట్టు!

ఇక ముడులు. సైకిలు దుకాణం నుంచి పనికిరాని ట్యూబు ఒకటి తెమ్మన్నది. పోచంపల్లిలోనూ అటువంటి రబ్బరు పట్టీలతోనే కడతారట. రబ్బరు సాగి, తరవాత తానే బిగుసుకుంటుంది. చొక్కా లోపల చిన్న వలయానికి కందిగింజ, పెద్ద వలయానికి చింతగింజ, నడిమి సూర్యుడికి నున్నటి గులకరాయి పెట్టి, దాని మెడ చుట్టూ పట్టీ చుట్టింది. ఒక కొస పళ్ళతో పట్టుకుని, ఎడమచేత్తో లాగి కట్టింది. ఒక్కొక్క కట్టుకు రెప్పపాటు పట్టింది. నేను ఒక్కటి కట్టేలోపల అమ్మ ఆరు కట్టేది. నేను కట్టినవాటిని గోటితో నొక్కి చూసి, సగం విప్పేసింది.

బిగింపు ఎందుకంటే, తడి గుడ్డలో నీళ్ళు పోగుల నడుమ సందుల వెంట పాకుతూ పోతాయి. దీపపు వత్తిలో నూనె పైకెక్కడమూ ఇందువల్లనే. పోగులను సందు లేకుండా నొక్కిపెడితే రంగునీటికి దారి వుండదు. నా పతంగి దారం దారి మూయలేదు. రబ్బరు మూసింది.

పూలను మరిగించి వడగట్టి, పెద్ద చెంచాడు పటిక కరిగించి, ఆ వేడినీళ్ళలో చొక్కాను గంటసేపు వుంచాం. మంచి పచ్చవన్నె పట్టింది. ఆరాక, పచ్చగానే మిగలవలసినచోట అమ్మ ఇంకొన్ని కట్లు వేసి, అప్పుడు తెరిచింది బెల్లంకుండ మూత. పుల్లటి కంపు! అందులో చొక్కాను ముంచి కొద్దిసేపట్లోనే తీసింది. ఇనుము కరక్కాయ వగరుతో కలిసిందంటే నలుపు పుడుతుంది. పూర్వం రాసుకునే సిరా కూడా ఇటువంటి కలయికే. ఎక్కువసేపు వుంచితే మాత్రం ఇనుము నూలును తినేస్తుంది. చొక్కా మా కళ్ళముందే బూడిదవన్నెకూ, ఆపైన కాకినలుపుకూ తిరిగింది.

"బాగా ఆరేదాకా ముట్టుకోకు," అని చెప్పి అమ్మ నీళ్ళకు పోయింది. నేను ముట్టుకున్నాను. ఒకే ఒక కట్టు, భుజం దగ్గరిది, విప్పి చూశాను. తడి నలుపు చప్పున లోపలికి పాకి, ఆ వలయం సగం మింగేసింది. అమ్మ వచ్చి చూసి, "అది నీ గుర్తు," అన్నది. అంతకన్నా ఏమీ అనలేదు.

ఇప్పుడు మీరు చెయ్యదలిస్తే ఇంత తంటా లేకుండా బజారులో రియాక్టివ్ రంగులు దొరుకుతాయి. అవి 1956లో మొదటిసారి అమ్మకానికి వచ్చాయి. చాకలి సోడా సాయంతో అవి నూలుతో రసాయనికంగా ఒకటైపోతాయి. పటికతోనూ కరక్కాయతోనూ పని లేదు. కాని చొక్కా నూలుదై వుండాలి, పాలియెస్టరుకు పట్టవు. మొన్న మా అమ్మాయి చేసిన చొక్కా అంతా నీలమయిందిగాని కుట్లు మాత్రం తెల్లగా వుండిపోయాయి. ఆ కుట్టుదారం పాలియెస్టరు! పొడి ఎగిరి ముక్కులోకి పోకుండా మూతికి గుడ్డ కట్టుకోండి, చేతికి తొడుగులు వేసుకోండి. వంటగిన్నెలు వాడకండి. పొయ్యి దగ్గర పని పెద్దవాళ్ళకు వదలండి.

ఆసు సంగతి కూడా చెప్పాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే ఆయన, ఆరవ తరగతితో చదువు ఆపినవాడు, తన తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు పోసే యంత్రం కట్టడానికి ఏళ్ళ తరబడి తంటాలు పడి, 1999లో సాధించాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. అప్పుడు టీవీలో ఆ యంత్రాన్ని చూపించారు. దారం తనంతట తాను మేకుల చుట్టూ గిరగిరా తిరుగుతూ వుంటే అమ్మ కళ్ళార్పకుండా చూసి, "నా చిన్నప్పుడు లేకపాయె," అన్నది. ఎడమచేత్తో కుడిభుజం పట్టుకుని వున్నది.

ఉగాది ముందురోజు సాయంత్రం కట్లన్నీ విప్పాం. గింజలు టపటపా నేల మీద రాలాయి. నల్లని చొక్కా మీద పచ్చటి వలయాలు, వాటి నడుమ మీగడవన్నె చుక్కలు, పొట్ట మీద సూర్యుడు, భుజం మీద సగం మింగిన చందమామ!

తెల్లవారి నాయన వచ్చాడు. నన్ను చూసి, "నేను తెచ్చింది తెల్లది గదరా!" అన్నాడు. దగ్గరికి లాక్కుని ఒక వలయాన్ని వేలితో తడిమాడు. ఆ వేలు అట్లాగే వుంచి, అమ్మవైపు తిరిగి, "ఇంక యాదికున్నదా?" అన్నాడు. అమ్మ పచ్చడిలో వేపపువ్వు కలుపుతూ తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆ చొక్కాను నేను మూడేళ్ళు తొడిగాను, తమ్ముడు రెండేళ్ళు తొడిగాడు. ఆఖరుకు అది దీపపు చిమ్నీ తుడిచే గుడ్డ అయింది. అప్పటికి నలుపు బూడిదయింది, పచ్చ ఇసుకవన్నెకు వచ్చింది. అమ్మ కట్టిన వలయాలను మాత్రం ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు.