మంచును పసిగట్టు యంత్రము

మా వికారాబాదువారికి మంచన్న, శీతకాలపు ఉదయమున అనంతగిరి చెట్లనడుమ నిలిచి, ఎండ యెక్కగానే తొలగిపోవు పొగమంచే. దానిని తొలగించుటకు యంత్రము కావలెనని యెవరైన చెప్పియుండిన నవ్వియుందుము. మా కుమార్తె మిన్నెసోటాలో కాపురము పెట్టిన పిదప ఆ నవ్వు మానితిమి. అచ్చట వాకిట మంచు కుప్పలుగా పడును. తెల్లవారకముందే పార పుచ్చుకొని త్రోసినగాని కారు కదలదు. ఆ పార తరచుగా మా యమ్మాయి చేతనే యుండెడిది. అల్లునికి ఉద్యోగపు తొందర యట! ఆమెకును ఉద్యోగము కలదు.

కొన్నాళ్లకు వాకిటి రాళ్లక్రింద వేడితీగలు పరపించిరి. అమ్మినవాడు వానికి చలిని మాత్రమే కొలుచు థర్మోస్టాటు నొకదానిని తగిలించి పోయెను. ఉష్ణము సున్న డిగ్రీలకు దిగినంతనే తీగలు వేడెక్కును. మంచు పడుచున్నదా లేదా యను విచారము దానికి లేదు. ఆ దేశమున వారముల తరబడి ఉష్ణము సున్నకు దిగువనే యుండును గదా! చదరపు మీటరుకు 300 వాట్ల చొప్పున 40 చదరపు మీటర్ల వాకిలికి గంటకు 12 యూనిట్లు, దినమెల్ల నడచిన 288 యూనిట్లు. మొదటి బిల్లు చూచి అల్లుడు స్విచ్చి కట్టివేసెను. ఆ వారమే తాండూరునుండి వెళ్లియున్న మా వియ్యపురాలు ఆ వాకిట జారిపడి మణికట్టు విరుగగొట్టుకొనెను.

తరువాత ఏ సెన్సరు కొనవలెనని ఫోనులో మాతో ఆలోచించిరి. మేము ఇంజనీర్లము కాము. కాని చిక్కు ఎచ్చటనున్నదో చేతికి కట్టుతో కూర్చున్న వియ్యపురాలే చెప్పినది. తాండూరులో బండలు పరచిన డాబాపై కందులెండబోసినవా రందరికిని తెలిసిన మాటయే యది: “అన్నా, మబ్బు కనపడంగనే కందులెత్తుకుంటే అవి ఎండేదెప్పుడు? గాలి మారిందా లేదా అని గూడ చూడాలె గద!”

మంచి సెన్సరు చేయునదియు నదియే. చలియు తేమయు రెండును కూడినప్పుడే తీగలను నడపును. ఉష్ణపు హద్దును సున్నవద్ద గాక రమారమి 3 డిగ్రీలవద్ద పెట్టుదురు, సున్నకు కొంచెము పైననున్నను మంచు పడును గనుక. ఇట్టివానిలో రెండు రకములు కలవు. ఒకటి కంబముమీదనో కప్పుమీదనో నిలుపునది. దానిపై పడిన మంచును తన వేడిమితో కరగించి, ఆ తడిని పసిగట్టును. వెల తక్కువ, అమర్చుట సులభము. అయితే ఆకాశమునుండి పడుదానినే అది యెరుగును. గాలికి కొట్టుకొనివచ్చిన మంచును, కరగి మరల గడ్డకట్టిన నీటిని ఎరుగదు. అందుచే మంచు ఆగిన పిదపను కొన్ని గంటలు తీగలను నడిపించు టైమరు దానికి తోడు కావలెను. రెండవది నేలలో రాళ్లతో సమముగా పొదుగునది. పాదము మోపుచోటనే చలిని తడిని చూచును. దీనికి రాళ్లు పెకలించి తీగకు గొట్టము వేయవలెను. చూరుక్రిందను, చెట్టుక్రిందను పెట్టరాదు.

అల్లుడు కంబపుదానినే కోరెను, ఖర్చు తక్కువని. ఆయన వ్రాసిన లెక్కలో యూనిట్లుండెను, కూలియుండెను. నాలుగు శీతకాలములు పార పట్టిన మా యమ్మాయి నడుము లేకుండెను. ఆ మాట మేము కొంచెము కటువుగానే అంటిమి. మామగారి మాట యగుటచే ఆయన బదులు పలుకలేదు. అది న్యాయమైన గెలుపు కాదని మాకును తెలియును. ఒరెగాన్‌లోని క్లామత్ ఫాల్సులో 1948లోనే భూగర్భపు వేడినీటి సాయమున దారిపై మంచు కరగించిరి. మిషిగన్‌లోని హాలండులో 1988 నుండి విద్యుత్కేంద్రపు వృథా వేడిమిని వీథుల క్రింద పారించుచున్నారు. వెలయిచ్చి విద్యుత్తు కొను ఇంటికి ఆ ధీమా లేదు.

తుదకు నేలలో పొదుగుదానినే కొనిరి. దానితోపాటు భారీ విద్యుత్తును మోయు కాంటాక్టరు, నేలకు విద్యుత్తు కారిన 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోవు రక్షకము పెట్టించిరి. కరగిన నీరు పోవుటకు వాకిలి చివర కాలువ త్రవ్వించిరి. ఈ కాలువను చాలమంది మరతురు. అప్పుడు నీరు అంచున గడ్డకట్టి మరియొకరి మణికట్టుకై కాచుకొనియుండును.

పార యింకను గోడకు వ్రేలాడుచునేయున్నది, మెట్లక్రింద తీగలు లేవు గనుక. వానిని అల్లుడు త్రోయుచున్నాడని మొన్న అమ్మాయి చెప్పినది.