ఈగ గుండె, మా అక్క మీద పడ్డ నింద

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మేము ముగ్గురం ఒకే ఊరోళ్లం, ఒకే హాస్టల్ రూం, ఒకే బీఎస్సీ. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. మొన్న సెమినార్‌కి మాకొచ్చిన టాపిక్, పండు ఈగ పిండంలో గుండె ఎలా తయారవుతుంది అని. ముందు నవ్వొచ్చింది. మెస్‌లో అరటి తొక్కల మీద ముసిరే ఈగకి గుండె కూడానా!

ఉంది. వీపు వైపు పొడుగ్గా ఒక గొట్టం, అంతే. గుడ్డులోంచి పిల్లపురుగు బయటికి రావడానికి పట్టేది సుమారు ఒక్క రోజు. ఆలోపే ఎడమ పక్క 52, కుడి పక్క 52 గుండె కణాలు వరుస కడతాయి. రెండు వరుసలూ వీపు మధ్యకి జరిగి కలుస్తాయి. రెండు అరచేతులు మధ్యలో బోలు ఉంచి కలిపి చూడండి, అలాగ.

ఏ కణాలు గుండె కావాలో తేల్చే జీన్ పేరు టిన్‌మ్యాన్. ది విజార్డ్ ఆఫ్ ఓజ్ కథలో గుండె లేని రేకు మనిషి పేరే పెట్టారు. ఈ జీన్ పనిచేయకపోతే ఈగ పిండంలో గుండె అసలు ఏర్పడదని 1993లో రోల్ఫ్ బోడ్మర్ చూపించాడు. జీన్ ఒక్కటే ఉన్నా చాలదు. పైపొర నుంచి డీపీపీ అనే ప్రోటీన్ సంకేతం అందిన చోటే అది నిలబడి పనిచేస్తుంది.

తర్వాతి పేజీలో ఆగిపోయాం. మనుషుల్లో దీనికి చుట్టం లాంటి జీన్ ఉంది, ఎన్‌కేఎక్స్ 2-5. అది మారిన కొన్ని కుటుంబాల్లో పిల్లలు గుండె గోడలో రంధ్రంతో పుడుతున్నారని 1998లో తేలింది.

మా ఊరి అక్క కొడుకు రంధ్రంతోనే పుట్టాడు. గ్రహణం రోజు కత్తిపీట పట్టిందని ఊరంతా ఆమెనే అన్నారు. అత్తగారు ఇప్పటికీ అంటాది. అప్పుడు మేము ఇంటర్. నోరు మూసుకుని విన్నాం. నిజం చెప్పాలంటే నమ్మాం కూడా.

బాబుకి మారింది ఆ జీనే అని మేము అనట్లేదు, ఎవరూ టెస్ట్ చేయలేదు. కానీ గుండె గదుల మధ్య గోడలు కట్టుకునే పని కడుపులో మొదటి రెండు నెలల్లోనే దాదాపు అయిపోతుంది. అక్కకి గ్రహణం వచ్చింది ఏడో నెలలో.

సంక్రాంతికి వెళ్లినప్పుడు గచ్చు మీద సుద్దతో రెండు వరుసలు గీసి చెప్పాం. మా భాషలో జీన్‌కి మాట దొరక్క 'విత్తనంలో రాత' అన్నాం. 'అయితే తలరాతే కదా' అంది అత్తగారు. తప్పు మాదే, ఆ మాట వాడకుండా ఉండాల్సింది.

అక్క మాత్రం ఏమీ అనలేదు. మేము లేచేటప్పుడు అడిగింది, 'ఏడో నెలే కదా? మీరు సరిగ్గా లెక్కేశారు కదా?' అని, రెండుసార్లు.