సెట్ అను చిన్నమాట

మేము తొమ్మిదవ తరగతిలో నుండఁగా, సహపాఠి యొకఁడు ‘ది సన్ సెట్స్’ అను వాక్యమును ‘సూర్యుఁడు అమర్చును’ అని తెనిఁగించెను. మేమందఱము పకపక నవ్వితిమి. అతఁడు తల వంచుకొనెను.

ఉపాధ్యాయులవారు మమ్ము వారించి, “సూర్యుఁ డస్తమించుట, పెరుగు తోడుకొనుట, విఱిగిన యెముక నతికించుట, ప్రశ్నాపత్రము కూర్చుట, ఇవన్నియు ‘సెట్’ అను నొక్క మాటయే. 1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డు నిఘంటువు రెండవ కూర్పున దీనికి 430 అర్థము లున్నవి” అని చెప్పిరి.

పిమ్మట నవ్వినవారిని నిలువఁబెట్టి, “నిద్ర పట్టెను, తుప్పు పట్టెను, చెమట పట్టెను, దొంగను పట్టెను. వీని నన్నిఁటిని ఒక్క యాంగ్లపదముతోఁ జెప్పుఁడు” అనిరి. ఒక్కరికిని నోరు పెగలలేదు.

ఆ సాయంకాలమే మేము మిత్రుని యింటి కేఁగి క్షమింప వేఁడితిమి. నాఁటినుండి నిఘంటువు చూడక యొరుల తప్పునకు నవ్వము.